బొగ్గుముక్కతో ముఖాలు: అనంతపురం జ్ఞాపకాలు

అనంతపురం పాతూరులో పాత ఇళ్ళ నడవల్లో, తలుపుల మీదుగా, ముందుకు వాల్చి కట్టిన పటాలుండేవి. తాతవి, జేజివి, పెండ్లి కాకముందే పోయిన పెద్దకొడుకువి. చాలామంది వాటిని ఫొటోలనే అనుకునేవాళ్ళు. స్టూలేసుకుని దగ్గర్నుంచి చూస్తే తప్ప అవి చేత్తో గీసినవని తెలిసేది కాదు. పాస్‌పోర్టు సైజు ఫొటో ఒకటి తీసుకుపోయి ఇస్తే దాన్ని గోడపటమంత చేసి ఇచ్చే ఆర్టిస్టులు బజారు సందుల్లో ఉండేవాళ్ళు. ఆ పనిని అందరూ ఎన్‌లార్జిమెంటు అనేవాళ్ళు. పగలు సైన్‌బోర్డులు, ఎన్నికలొస్తే గోడరాతలు, తీరిక దొరికినప్పుడు ఈ పటాలు. 2000 తర్వాత ఫ్లెక్సీలు, కంప్యూటర్ ప్రింట్లు వచ్చేసరికి ఆ పని మెల్లిగా నిలిచిపోయింది. కానీ మా ప్రాంతంలో బొగ్గు పట్టుకుని మనిషి ముఖం గీయడం నేర్చుకున్నవాళ్ళు ఎందరికో ఆ అంగళ్ళ అరుగులే మొదటి బడి. ప్రభుత్వం పెట్టే డ్రాయింగు లోయర్, హయ్యర్ పరీక్షలకు కట్టినవాళ్ళు కూడా సాయంత్రమైతే అక్కడికే చేరేవాళ్ళు.

అక్కడ మొదట చేతికిచ్చేది బొగ్గు కాదు, స్కేలు. గళ్ళు కొట్టడం రాకుండా ఇంకేదీ నేర్పేవాళ్ళు కాదు. ఫొటో పాడవకుండా దాని మీద ఒక గాజుపలక పెట్టేవాళ్ళు. ఆ గాజు మీద పావు అంగుళానికొక గీత చొప్పున సన్నగా గళ్ళు గీసి ఉండేవి. కాగితం మీద అదే గడి ఒకటిన్నర అంగుళం. అంటే ఆరింతలు. పాస్‌పోర్టు ఫొటోలో మూడు సెంటీమీటర్లున్న తల కాగితం మీద పద్దెనిమిది సెంటీమీటర్లవుతుంది, దాదాపు ఏడు అంగుళాలు. గోడకు కట్టడానికి అది సరిపోయే కొలత. గళ్ళకు పైన అంకెలు, పక్కన అ, ఆ, ఇ, ఈ. కన్ను ఏ గడిలో మొదలై ఏ గడిలో ముగుస్తుందో చెప్పగలిగితేనే పెన్సిలు ముట్టుకోనిచ్చేవాళ్ళు.

ఇందులో తప్పు ఎక్కడ వచ్చేదంటే, కొత్తవాళ్ళు ఒక గడి కొలిచి, దాని చివరనుంచి మళ్ళీ ఇంకో గడి కొలిచేవాళ్ళు. ఒక్కోదాంట్లో అరమిల్లీమీటరు తేడా వచ్చినా పది గళ్ళకు అర సెంటీమీటరు. ఎడమ కన్నుకూ కుడి కన్నుకూ మధ్య దూరంలో అర సెంటీమీటరు తేడా వస్తే అది వేరే మనిషి ముఖం. స్కేలు ఒకసారి అంచుకు పెడితే కదల్చకుండా అన్ని గుర్తులూ ఒకేసారి పెట్టుకోవాలి. ఇంకోటి, గళ్ళు హెచ్‌బీ పెన్సిలుతో ఒత్తి గీస్తే కాగితంలో గాడి పడుతుంది. మీద బొగ్గుపొడి రుద్దినప్పుడు ఆ గాడిలోకి పొడి దిగదు, చెంప మీద తెల్లటి గీత నిలబడిపోతుంది. రబ్బరుతో అది పోదు. అందుకే గళ్ళు కూడా బొగ్గుతోనే తేలిగ్గా గీసి, పని కాగానే గుడ్డతో దులిపేసేవాళ్ళు.

పోలిక ఎక్కడినుంచి వస్తుందో గళ్ళు బాగా నేర్పాయి. అది కనురెప్పల వెంట్రుకల్లో లేదు. కళ్ళ మధ్య దూరం, ముక్కు కింద నుంచి గడ్డం దాకా ఉన్న పొడవు, దవడ ఎక్కడ తిరుగుతుందో ఆ మూల, ఈ మూడూ కుదిరితే కళ్ళు గీయకముందే ఇంటివాళ్ళు గుర్తుపడతారు.

అయితే ఆ పద్ధతి కొన్ని విషయాలు దాచిపెట్టింది కూడా. దూదితో, కాగితపు చుట్టతో పొడిని రుద్ది రుద్ది, గీత కనపడకుండా నున్నగా చేయడమే గొప్పగా ఉండేది. దానికితోడు, స్టూడియోలో ఫొటో తీసే ముందే ముఖానికి పౌడరు అద్దేవాళ్ళు. తర్వాత నెగిటివ్ మీద పెన్సిలుతో ముడతలు, మచ్చలు పూడ్చేవాళ్ళు. నెగిటివ్‌లో ఎక్కడ పెన్సిలు పడుతుందో అక్కడ ప్రింటు తెల్లబడుతుంది. ఆ ఫొటోను చూసి గీసిన పటం ఇంకొంచెం తెలుపు. డెబ్బై ఏళ్ళు శనగచేన్లో ఎండకు నల్లబడిన మనిషి గోడ మీద నీడపట్టున పెరిగినవాడిలా కనపడేవాడు. పటం చేసినవాళ్ళ తప్పు కాదది, చేయించుకున్నవాళ్ళు అడిగిందే అది. కానీ అక్కడ నేర్చుకుని, తర్వాత మనిషిని ఎదురుగా కూచోబెట్టుకుని గీయబోయినవాళ్ళందరికీ మొట్టమొదట మరిచిపోవలసి వచ్చింది ఈ తెలుపునీ ఈ నునుపునీ.

ఎదురుగా కూచునే మనుషులకు అనంతపురంలో కరువు లేదు. మార్కెట్ యార్డు, బస్టాండు, ఊరి బయట పల్లెల్లో రచ్చకట్టలు. ఒక టీ, ఒక బీడీకట్ట ఇస్తే ముసలోళ్ళు సంతోషంగా కూచునేవాళ్ళు. పది నిమిషాలయ్యాక మాత్రం తప్పకుండా అడిగేవాళ్ళు, "ఏమప్పా, ఇంగా ఎంతసేపు కూచోవల్ల?" అని. "ఇంకొంచేపు అట్లే ఉండు తాతా" అని బతిమాలుతూ గీయడమే. ఇరవై నిమిషాలు కూచోబెట్టి, ఐదు నిమిషాలు లేవనివ్వడం న్యాయం. లేచే ముందు కుర్చీ కాళ్ళ చుట్టూ, ఆయన పాదాల చుట్టూ సుద్దముక్కతో గుర్తు గీసుకోవాలి. తిరిగొచ్చి కూచున్నాక తల ఒక అంగుళం అటో ఇటో తిరిగినా నీడలన్నీ మారిపోతాయి.

బొగ్గు సంగతి. ఇప్పుడు విల్లో అనే చెట్టు పుల్లల బొగ్గు డబ్బాలు ఇంటికే తెప్పించుకోవచ్చు. అప్పట్లో చాలామంది కాల్చుకునేవాళ్ళు. ఇస్త్రీపెట్టె బొగ్గు, కొలిమి బొగ్గు దీనికి పనికిరావు. తుమ్మలాంటి గట్టి కట్టెది గీసుకుపోతుంది, మధ్యమధ్యలో కాలని ముక్క తగిలి కాగితం చిరుగుతుంది. చింతపుల్లలు మంచివి. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్ళు గుడ్డ మీద మొదటి గీతలు గీసేది కాల్చిన చింతపుల్లలతోనే. మా వైపు ద్రాక్షతోటల్లో కత్తిరింపుల తర్వాత పడేసే తీగలు కూడా దొరికేవి. యూరప్‌లో పాతకాలం నుంచీ బొమ్మలకు వాడుతున్నదీ ద్రాక్షతీగ బొగ్గే. అది చింతబొగ్గు కన్నా కొంచెం బూడిదరంగులో, తేలిగ్గా పడుతుంది. గుడ్డతో ఒక్క విదిలింపుకు పోతుంది. మొదటి గీతలకు అంతకన్నా మంచిది లేదు.

పెన్సిలు లావు పుల్లలు, వంకర లేనివి, ఐదారు అంగుళాల ముక్కలు చేసి తోలు గీకి నీడలో బాగా ఎండబెట్టాలి. పచ్చి ఉంటే కాలేటప్పుడు మెలి తిరుగుతాయి. పాలపొడి డబ్బాలాంటి ఇనుపరేకు డబ్బా, బిగుతైన రేకుమూత ఉండాలి. మూతకు మేకుతో ఒకే ఒక్క బెజ్జం. పుల్లలు నిలువుగా, కదలకుండా కూరాలి. సందు మిగిలితే ఆ గాలికే కొన్ని బూడిదవుతాయి. దీన్ని కట్టెలపొయ్యి నిప్పుల్లో పెడితే కాసేపటికి బెజ్జంలోంచి తెల్లటి పొగ వస్తుంది, అది మొదట నీటి ఆవిరి. తర్వాత పొగ చిక్కబడి, మంట తగిలితే బెజ్జం దగ్గర చిన్న దీపంలా వెలుగుతుంది. దాదాపు గంటకు పొగ సన్నబడి నిలిచిపోతుంది. అప్పుడు డబ్బా బయటికి తీసి బెజ్జానికి తడిమన్ను పెట్టి మూసేయాలి. ఇక్కడే అందరికీ తొందర. వేడిగా ఉండగా మూత తీస్తే గాలి తగిలి లోపలున్నదంతా మళ్ళీ రాజుకుంటుంది. రాత్రి కాల్చి తెల్లారి తీయడం మేలు. మంచి ముక్క నేల మీద పడేస్తే గాజులా చిన్నగా మోగుతుంది, విరిస్తే లోపల కూడా నల్లగా ఉంటుంది. లోపల గోధుమరంగు ఉంటే సరిగా కాలలేదు. అది గీస్తే కీచుమంటుంది, రబ్బరుకు పోదు. దాన్ని మళ్ళీ డబ్బాలో వేసి కాల్చవచ్చు.

ఈ బొగ్గులో జిగురు ఉండదు. అంగట్లో దొరికే కంప్రెస్డ్ చార్‌కోల్‌లో బొగ్గుపొడికి బంక కలిపి ఒత్తుతారు, అందుకే అంత నలుపు. ఈ రెంటినీ ఏ వరసలో వాడాలన్నది మొదట్లో ఎవరూ చెప్పరు. పుల్లబొగ్గు ముందు, కంప్రెస్డ్ ఆఖరున. కంప్రెస్డ్‌తో మొదలుపెడితే తప్పు దిద్దే వీలుండదు, ఎంత తుడిచినా బూడిదరంగు మరక మిగులుతుంది. ముఖం మొత్తంలో దాని అవసరం ఐదారు చోట్లే: పైరెప్ప కింద గీత, ముక్కురంధ్రం లోపల, పెదాలు కలిసే చోట, చెవి వెనక, గడ్డం కింద మెడ నీడలో.

కాగితం గరుకుగా ఉండాలి. నున్నటి చార్టు మీద బొగ్గు నిలబడదు, జారిపోతుంది. బొమ్మలు గీసే కార్ట్రిడ్జ్ షీటు, నూటఅరవై నుంచి రెండువందల జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) ఉంటే చాలు. కొనే ముందు బొగ్గుముక్కను పడుకోబెట్టి ఒక్కసారి లాగి చూడాలి. గింజగింజగా, అంతటా ఒకేలా పడితే మంచి కాగితం. పిల్లలు నేర్చుకోవడానికి పుస్తకాలకు అట్టలేసే బ్రౌన్ పేపరు గరుకు వైపు కూడా బాగా పనికొస్తుంది, తెల్ల సుద్దముక్క తోడుంటే. కాకపోతే ఆ కాగితం ఏళ్ళ తరబడి నిలవదు, పెళుసుబారుతుంది. మా ఊరి పొడిగాలి బొగ్గుకు వరం. కాగితం ఎప్పుడూ కరకరలాడుతూ ఉంటుంది. ఆషాఢం గాలికి మాత్రం కిటికీ మూసుకోవాల్సిందే, దుమ్మంతా వచ్చి బొమ్మ మీద కూచుంటుంది. ఎండాకాలం అరచేతి చెమట ఇంకో బెడద. చేయి ఆనిన చోట కాగితానికి జిడ్డు పడుతుంది, తర్వాత అక్కడ బొగ్గు మచ్చమచ్చగా పట్టుకుంటుంది, చెరగదు. వేలితో రుద్దొద్దనేది కూడా అందుకే. పాత నూలుపంచె ముక్క, బాగా ఉతికినది, వేలికి చుట్టుకుని రుద్దితే ఆ సమస్య లేదు.

పలక నిటారుగా నిలబెట్టాలి. ఒళ్ళో పెట్టుకుని గీస్తే పలక పైభాగం కంటికి దూరమై కురచగా కనపడుతుంది. దాన్ని సరిచేయబోయి మనకు తెలియకుండానే నుదురు సాగదీస్తాం. గోడకు ఆనించి చూశాక అర్థమవుతుంది, తల గుమ్మడికాయలా పైకి పోయిందని. నిటారు పలకకు ఇంకో లాభం, రాలే పొడి నేల మీద పడుతుంది, బొమ్మ మీద కాదు. కూచున్న మనిషికీ మనకూ ఆరడుగుల దూరం. వెలుతురు ఒకే వైపు నుంచి, తల కన్నా పైనుంచి రావాలి. ఉత్తరపు కిటికీ దొరికితే అదృష్టం. పడమటి కిటికీ మధ్యాహ్నం తర్వాత పనికిరాదు, అరగంటలో నీడ చెంప దాటి ముక్కు దాకా వచ్చేస్తుంది. ట్యూబులైటు కింద అయితే అసలు వద్దు. అన్ని వైపులా వెలుతురు పడితే ముఖంలో ఎముక కనపడదు.

ఇక గీత. బొగ్గుముక్కను పెన్నులా పట్టుకోకుండా, అరచేయి కిందికి పెట్టి, వేళ్ళ మధ్య అడ్డంగా పట్టుకోవాలి. అప్పుడు మణికట్టు కాకుండా భుజం కదులుతుంది. తల పైభాగానికొక గుర్తు, గడ్డానికొక గుర్తు. పదకొండు బై పదిహేను అంగుళాల షీటు మీద వాటి మధ్య ఏడెనిమిది అంగుళాలు. నిజం తల తొమ్మిది అంగుళాల వరకు ఉంటుంది, దానికన్నా కొంచెం చిన్నగా గీస్తేనే కంటికి సహజంగా ఉంటుంది. కళ్ళు సరిగ్గా తల సగం ఎత్తులో ఉంటాయి. మొదట్లో ఇది ఎవరూ నమ్మరు, కళ్ళు పైకి పోయి పుర్రె పైభాగం తెగిపోయినట్టు వస్తుంది. తలగుడ్డ చుట్టుకున్నవాళ్ళను గీసేటప్పుడు ఈ తప్పు ఇంకా ఎక్కువ. ముందు బోడితల గీసుకుని, దాని చుట్టూ గుడ్డ చుట్టాలి. కనుబొమలకూ ముక్కు కిందకూ మధ్య ఎంతో, ముక్కు కింద నుంచి గడ్డానికీ దాదాపు అంతే. పళ్ళూడిన తాతలకు ఈ లెక్క చెల్లదు. కింది భాగం కురచబడుతుంది, పైపెదవి లోపలికి పోయి ముక్కు కొన గడ్డం వైపు దిగుతుంది. లెక్క తెలిస్తేనే ఆ మనిషి లెక్కను ఎక్కడ దాటాడో తెలుస్తుంది, ఆయన ముఖం ఉన్నదంతా ఆ తేడాలోనే.

తర్వాత కళ్ళు చిట్లించి చూడటం. సగం మూసిన కంటికి చిన్న చిన్న వివరాలు మాయమై వెలుగు ఒక ముద్ద, నీడ ఒక ముద్దగా కనపడతాయి. ఆ నీడ ముద్దకు అంచు గీసి, లోపలంతా ఒకే మాదిరి బొగ్గు నింపాలి. కంటిగుంట, ముక్కు పక్క, పైపెదవి, గడ్డం కింద, మెడ, అన్నీ ఒకదానికొకటి కలిసిపోయి ఒకే నీడగా ఉంటాయి చాలాసార్లు. వాటిని విడదీయకూడదు. కన్ను ఒకటి, ముక్కు ఒకటి, నోరు ఒకటి అని విడివిడిగా గీసుకుంటూ పోయినవాళ్ళ బొమ్మలో అవన్నీ ముఖం మీద అతికించినట్టే ఉంటాయి. ఈ దశలో కళ్ళు లేకుండానే పది అడుగుల దూరం నుంచి మనిషి పోలిక కనపడాలి. కనపడకపోతే గుడ్డతో దులిపేసి మళ్ళీ మొదలు. పుల్లబొగ్గుకు ఉన్న గొప్పతనమే అది, కాగితం ఖర్చు కాదు.

ఇప్పుడు నలుపు గురించి. మా ప్రాంతంలో మనుషులవి నల్లటి, చామనచాయ ముఖాలు. తెల్లకాగితం మీద నీడలు మాత్రమే వేసి మిగతాది వదిలేస్తే ఆ కాగితం తెలుపే చర్మమైపోతుంది. ఎన్‌లార్జిమెంటు అలవాటు మళ్ళీ వెనక్కొస్తుంది. దీనికి మంచి విరుగుడు, ముందే కాగితమంతా నలుపు చేయడం. బొగ్గుముక్కను గరుకుకాగితం మీద అరగదీసి పొడి చేసుకుని, గుడ్డతో షీటంతా సమంగా రుద్దాలి, మధ్యస్తమైన బూడిదరంగు వచ్చేదాకా. కూచున్న మనిషి చర్మంలో వెలుగు తగిలే భాగానికి ఉండే రంగు ఇంచుమించు అది. నీడలు దానికన్నా నల్లగా వేసుకుంటూ, వెలుగులు రబ్బరుతో ఎత్తుకుంటూ పోవాలి. నీడెడ్ ఇరేజర్, అంటే పిండిలా పిసకగలిగే రబ్బరు, చిన్న ఊళ్ళలో దొరకని రోజుల్లో దీనికి బ్రెడ్డు వాడేవాళ్ళు. లోపలి మెత్తటి భాగాన్ని పిసికి, మొనదేల్చి, అద్ది ఎత్తాలి. రుద్దితే పొడి లోపలికి దిగిపోతుంది. వెన్న, నూనె ఉన్న బన్ను అయితే కాగితం పాడవుతుంది, మామూలు బ్రెడ్డే కావాలి.

నల్లటి చర్మం మీద వెలుగు పడే తీరే వేరు. తెల్లటి చర్మం మీద అది పరుచుకున్నట్టు ఉంటుంది. నల్లటి చర్మం మీద నుదురు ఎముక, ముక్కు దూలం, చెంప ఎముక, కిందిపెదవి మీద చిన్న చిన్న మెరుపులుగా నిలబడుతుంది, అంచులు స్పష్టంగా. కాబట్టి స్వచ్ఛమైన తెలుపు ఆ నాలుగైదు చోట్ల తప్ప ఎక్కడా ఉండకూడదు. కంటి తెల్లగుడ్డుకు కూడా లేదు. అది గుండ్రటి బంతి, పైరెప్ప నీడ దాని మీద పడుతుంది, ముసలివాళ్ళలో పసుపుతేలి ఉంటుంది. దాన్ని కాగితపు తెలుపుగా వదిలేస్తే ఆ మనిషి బెదిరిపోయినట్టు కనపడతాడు. నలుపు ముఖం మీద తెల్ల మీసం గీయడం ఈ పద్ధతిలో చాలా సుఖం. వెంట్రుక వెంట్రుకా గీయక్కర్లేదు. మీసం మొత్తం ఆకారాన్ని మెత్తగా ఎత్తి, కొసల దగ్గర మాత్రం రబ్బరు అంచుతో రెండు మూడు గీతలు లాగితే చాలు.

ముడతల దగ్గర కొంచెం ఆగాలి. శనగచేన్లలో, గొర్రెల వెంట ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళ కళ్ళ పక్కన విసనకర్రలా విచ్చుకునే గీతలుంటాయి. ఎండకు ఎప్పుడూ కళ్ళు చికిలించి చూడటం వల్ల వచ్చినవి అవి. నీడలోకి వచ్చి ముఖం సడలినప్పుడు దగ్గర్నుంచి చూడండి, ఆ ముడతల లోపలి చర్మం చుట్టూ ఉన్నదానికన్నా తెల్లగా ఉంటుంది, ఎండ అక్కడికి చేరదు కాబట్టి. కొత్తవాళ్ళు అక్కడ నల్లటి గీతలు బరబరా గీకేస్తారు. కత్తి గాట్లలా తయారవుతాయి. ముడత అంటే గీత కాదు, చిన్న కాలువ. వెలుతురు వైపు ఉన్న గట్టు నీడలో ఉంటుంది, అవతలి గట్టుకు వెలుగు తగులుతుంది. ఒక వైపు మెత్తటి నలుపు పెట్టి, దాని పక్కనే రబ్బరు మొనతో సన్నటి వెలుగు ఎత్తితే ముడత లేస్తుంది. అన్ని ముడతలూ గీయకూడదు. పది కనపడితే, వెలుగూ నీడా కలిసే చోట ఉన్న మూడు చాలు. నీడలో ఉన్నవాటిని నీడకే వదిలేయాలి.

నుదుటి మీద బొట్టు కూడా నుదురుతో పాటు వంగాలి. ముఖం పక్కకు తిరిగితే అది గుండ్రంగా ఉండదు, కోలగా మారుతుంది. ఎర్ర కుంకుమ బొగ్గులోకి వచ్చేసరికి చర్మం కన్నా కొంచెం నలుపే తప్ప తారునలుపు కాదు. ముక్కుపుడకకు ఒక్క మెరుపు, దాని కింద ఒక చుక్క నీడ. అంతకుమించి చెక్కితే కన్ను అక్కడికే పోతుంది.

పాత తరంలో కంటిలో శుక్లాలు తీసేశాక లోపల లెన్సు పెట్టేవాళ్ళు కాదు. సోడాబుడ్డి అద్దాలిచ్చేవాళ్ళు. ఆ అద్దాల వెనక కళ్ళు పెద్దవై కనపడతాయి. దూరం కనపడని యువకుల అద్దాల్లో దీనికి తలకిందులు, కళ్ళు చిన్నవై, చెంప గీత అద్దం లోపల పక్కకు జరిగి విరిగినట్టు ఉంటుంది. చాలామంది దీన్ని తప్పని భ్రమించి సరిచేస్తారు. చూసింది చూసినట్టు గీస్తేనే అది అద్దమవుతుంది.

భావం ఎక్కడుంటుందంటే అందరూ కళ్ళనే అంటారు. కనుగుడ్డు ఒక్కటే చూపించి మిగతా ముఖం మూసేస్తే, నవ్వుతున్నారో ఏడుస్తున్నారో చెప్పలేం. చుట్టూ ఉన్న కండరాలు చెప్తాయి. ఫ్రెంచి వైద్యుడు డుషేన్ 1862లోనే చూపించాడు, మనసారా నవ్వినప్పుడు నోటి మూలలతో పాటు కంటి చుట్టూ ఉన్న కండరం కూడా బిగుస్తుందని. కిందిరెప్ప కొద్దిగా పైకి లేస్తుంది, దాని కింద చిన్న ఉబ్బు వస్తుంది. ఫొటో కోసం నవ్వే నవ్వులో అది ఉండదు. బొమ్మలో ఎంత పెద్దగా నోరు సాగదీసినా కిందిరెప్ప పైకి లేవకపోతే నవ్వు రాదు. దిగులులో కనుబొమల లోపలి కొసలు పైకి లేచి మధ్యలోకి జరుగుతాయి, నుదుటి మధ్యలో మాత్రమే అడ్డగీతలు పడతాయి. కోపంలో అవే కొసలు కిందికి దిగి నిలువు గీతలు రెండు వస్తాయి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఇది. అందుకే కనుబొమలను చివరిదాకా పుల్లబొగ్గులోనే ఉంచాలి, కంప్రెస్డ్‌తో ఖాయం చేయకూడదు. పళ్ళు కనపడితే పంటికీ పంటికీ మధ్య గీతలు పెట్టొద్దు, పళ్ళన్నీ కలిపి ఒక వెలుగు, చివరలకు పోయేకొద్దీ నీడ. నోటి మూలలు ఎప్పుడూ మెత్తగా, చిన్న గుంటలా ఉండాలి.

అంచుల మాట కూడా ఇక్కడే. ముఖం చుట్టూ ఒకే మందాన అవుట్‌లైన్ తిప్పితే బొమ్మ కత్తిరించి అంటించినట్టు ఉంటుంది. వెలుగు వైపు చెంప అంచు పదునుగా, నీడ వైపు దవడ వెనకనున్న చీకట్లో కలిసిపోయి, జుట్టు అంచు నుదుటిలోకి మెత్తగా. జర్మన్ చిత్రకారిణి కేథె కోల్విట్జ్ 1933లో బొగ్గుతో గీసుకున్న స్వీయచిత్రం చూస్తే ఇది అర్థమవుతుంది. పక్కకు తిరిగిన ముఖం, పలక మీద గీస్తున్న చేయి నిలకడగా కనపడతాయి. ఆ రెంటినీ కలిపే చేతి పొడవంతా బొగ్గుముక్కను పడుకోబెట్టి అటూ ఇటూ విసురుగా లాగిన గీతలే. చేయి ఆకారమంటూ గీయలేదు, కానీ ఆ చేతిలోని ఊపు కనపడుతుంది. నునుపు చేయడమే పనితనమని నమ్మినవాళ్ళకు ఆ ఒక్క బొమ్మ అచ్చులో చూసినా కళ్ళు తెరుచుకుంటాయి. లేపాక్షి గుడి పైకప్పు మీది పాత రంగుబొమ్మల్లో కూడా వెళ్ళి చూడదగ్గది గీతే, నీడల ఊసే లేకుండా ఒక్క గీతతో ముక్కు, పెదవి, గడ్డం తేల్చిన తీరు. బొగ్గుతో నీడలు వేసేవాళ్ళకు గీత మీద గౌరవం తగ్గకుండా ఉండటానికి అది మంచి మందు.

అయిపోయిన బొమ్మ నిలవడానికి, పొడి రాలకుండా పట్టి ఉంచే ద్రావణం, ఫిక్సేటివ్ కావాలి. స్ప్రే డబ్బాలు రాకముందు వడ్రంగులు పాలిషుకు వాడే తెల్ల లక్కను స్పిరిటులో కరిగించేవాళ్ళు, వంద మిల్లీలీటర్లకు రెండు గ్రాములు. పలచన అనిపిస్తుంది, కానీ అంతే ఉండాలి. ఎక్కువైతే కాగితం మెరుస్తుంది, పసుపుబారుతుంది. రాత్రంతా ఉంచి, పైన తేరినది గుడ్డలో వడగట్టి, ఎల్ ఆకారంలో ఉండే ఊదే గొట్టంతో రెండడుగుల దూరం నుంచి చల్లాలి. ఊపిరి మొదలుపెట్టేటప్పుడూ ఆపేటప్పుడూ పెద్ద చుక్కలు పడతాయి, కాబట్టి కాగితం బయట మొదలుపెట్టి కాగితం బయటే ఆపాలి. ఒకేసారి తడిపేస్తే పొడి కారుతుంది. పలచగా ఒకసారి, ఆరాక ఇంకోసారి. నలుపు ఒక మెట్టు పెరుగుతుంది, సుద్దతో పెట్టిన తెలుపు దాదాపు మాయమవుతుంది. అందుకే ఆఖరి మెరుపులు ఫిక్స్ చేశాక పెట్టేవాళ్ళున్నారు. స్పిరిటు పొయ్యి దగ్గర వద్దు, కిటికీ తెరిచి చేయాలి. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో అట్ట మౌంటు పెట్టించాలి. ఫ్రేము కట్టించనివి చుట్టచుట్టి పెట్టకుండా, మధ్య మధ్య బటర్ పేపరు వేసి, బల్లపరుపుగా ఉంచితే చాలు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మనుషులను మార్చుకుంటూ పోవడం కన్నా ఒకే మనిషిని మళ్ళీ మళ్ళీ కూచోబెట్టుకోవడం మేలు. ఇంట్లో అవ్వ ఉంటే అంతకన్నా ఏం కావాలి. మొదటిరోజు ఎడమ వెలుతురులో రెండు గంటలు. రెండోరోజు అదే కుర్చీ, వెలుతురు కుడి నుంచి, నలుపు చేసిన కాగితం మీద. మూడోరోజు పది పది నిమిషాల్లో నాలుగు బొమ్మలు, ఆమెను మాట్లాడనిస్తూ, బియ్యం ఏరుకోనిస్తూ. నాలుగోరోజు ఆమె ఎదుట లేకుండా, గుర్తున్నంత మేరకు. ఆ నాలుగోరోజు బొమ్మలో ఏది తప్పిందో, తర్వాత ఆమె వచ్చి కూచున్నప్పుడు ముందు అదే చూడాలి.